విడుపులబండ మీద చెవి చీలిన పొట్టేలు

వికారి నామ సంవత్సరం, రోహిణి కార్తె చివర, తొలకరి ఇంకా పడని రోజుల్లో మొదలైన ఒక సంగతి వల్ల ఈ బండకు విడుపులబండ అనే పేరు వచ్చింది. అది ఎన్నో వికారి అని అడిగితే చెప్పగలిగినవాళ్ళు లేరు. రాజులు కట్టించిన గుడి కాదు కాబట్టి శాసనమూ లేదు. తంగేడుదిన్నెలో గొర్రెలు కాసే కురుబలు తాతల నుంచి మనవలకు చెప్పుకుంటూ వచ్చినదే ఇక్కడ రాయడమైనది.

తంగేడుదిన్నెకు తూర్పున, జిల్లేడు వంక మలుపు తిరిగే చోట, బోర్లించిన బాన లాగా ఒక నల్లని బండ ఉంది. పైకి మెట్లు లేవు. మెట్లు చెక్కిస్తామని దాతలు వచ్చినా ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. గొర్రెలు ఎక్కే దారినే మనుషులూ ఎక్కాలి. పైన రాతి కూసాల మీద పలకలు పరిచిన చిన్న గుడి, అందులో విడుపులమ్మ. ఆమె చేతిలో శూలం లేదు, కత్తి లేదు. ఒడిలో ఉన్ని, చేతిలో కదురు ఉన్నాయి. కాళ్ళ దగ్గర నల్లరాతి పొట్టేలు పడుకుని ఉంటుంది. దాని ఎడమ చెవి కొస రెండుగా చీలి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు విగ్రహం దెబ్బతిన్నదని అనుకుని దండం పెట్టడానికి వెనకాడతారు. అది దెబ్బతిన్న విగ్రహం కాదు. చెక్కినవాడు అలాగే చెక్కాడు. ఆ చెవి ఎందుకు చీలిందో తెలిస్తే తప్ప ఇక్కడి మొక్కు అర్థం కాదు.

పూర్వం ఇక్కడ మాళప్ప, కెంచప్ప అనే అన్నదమ్ములు ఒకే దొడ్డిలో గొర్రెలు తోలుకుని, ఒకే పొయ్యి మీద సంగటి వండుకుని బతికేవారు. వాళ్ళ తల్లి గిరెమ్మ. మాళప్ప భార్య తిమ్మక్క. కెంచప్పకు ఇంకా పెళ్ళి కాలేదు. మాళప్పకు లేకలేక పుట్టిన కూతురు ఈరక్క. ఆ పిల్లకు తండ్రి కంటే చిన్నాయన అంటేనే ఎక్కువ ఇష్టం. చిన్నాయన మంద వెంట పోతే తనూ పోవాల్సిందే.

గొర్రెల కాపరుల్లో ప్రతి ఇంటికీ ఒక చెవి గుర్తు ఉంటుంది. మాళప్ప ఇంటి గుర్తు, ఎడమ చెవి కొసను రెండుగా చీల్చడం. అది వాళ్ళ ముత్తాతల నాటిది. వలసపోయిన చోట ఎన్ని మందలు కలిసిపోయినా, చెవి చూసి ఎవరి జీవాన్ని వాళ్ళు వేరు చేసుకుంటారు. గుర్తు ఉన్నవాడి మాట చెల్లుతుంది. లేనివాడు ఎంత మొత్తుకున్నా చెల్లదు. దానితోపాటే ఇంకో కట్టుబాటు ఉంది. దారితప్పి మందలో కలిసిన జీవానికి మేత వెయ్యాలి, నీళ్ళు పెట్టాలి, దొడ్డిలో ఒక పక్కన చోటివ్వాలి. దాని చెవి మాత్రం పట్టుకోకూడదు. వచ్చినది తనంతట తానే పోతుంది, లేదా దాని సొంతదారు వచ్చి తోలుకుపోతాడు.

ఆ సంవత్సరం ఎండలకు ఇవతలి గట్టు మీద గడ్డి మాడిపోయింది. కెంచప్ప పొద్దున్నే మందను వంక దాటించి, మేపుకుని, పొద్దుగూకే ముందు మళ్ళీ ఇవతలికి తెచ్చేవాడు. వంకలో మడమ తడిసేన్ని నీళ్ళు కూడా లేవు. ఒకనాటి సాయంత్రం పెద్ద గొర్రెలు దాటాయి కానీ పిల్లలు వంకలోకి దిగకుండా మొరాయించాయి. కెంచప్ప ఈరక్కను వంక నడుమ ఉన్న రాతి మీద కూర్చోబెట్టి, "కదలొద్దు బంగారూ, పిల్లల్ని దాటించి వస్తా" అన్నాడు. ఏ కాపరి అయినా అదే చేస్తాడు. తల్లులు ఒక గట్టున, పిల్లలు ఒక గట్టున ఉంటే మంద చెదిరిపోతుంది. మనిషి పిల్ల చెప్పిన మాట వింటుంది, గొర్రెపిల్ల వినదు. అతడు రెండు చంకల్లో రెండు గొర్రెపిల్లలతో గట్టు ఎక్కేసరికి, ఎగువన ఎక్కడో కురిసిన వాన ఒక్కసారిగా వంకలోకి వచ్చిపడింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ రాయి కనపడలేదు.

మరునాడు బండ కింద తంగేడు పొదల్లో పిల్ల శరీరం దొరికింది. అక్కడే పూడ్చారు. మాళప్ప ఏడవలేదు. తమ్ముడి ముఖం చూసి ఒక్కటే అన్నాడు.

"గొర్రెపిల్లలు దాటినాయి కదా."

కెంచప్ప ఆ రోజే ఇల్లు విడిచి పక్కింటివాళ్ళ పంచలో పడుకోవడం మొదలుపెట్టాడు.

దినాలు జరిగిన సాయంత్రం మాళప్ప మందలో ఒక కొత్త పొట్టేలు కనిపించింది. నల్లటి ఒళ్ళు, మెలి తిరిగిన కొమ్ములు. ఎప్పుడు వచ్చి కలిసిందో ఎవరూ చూడలేదు. రెండు చెవులూ నిండుగా ఉన్నాయి, ఏ ఇంటి గుర్తూ లేదు.

"యాడిదో పాపం. ఇంత మేత పడెయ్ నాయనా, అదే పోతాది" అంది గిరెమ్మ.

మాళప్ప మొలలోని కత్తి తీశాడు.

"రేయ్, ఏం జేస్తాండావురా? వచ్చినదాని చెవి పట్టేది యా కాపరన్నా చేస్తాడా?" అని తల్లి అడ్డుపడింది.

"నాదనుకున్నది పోయింది. వచ్చింది నాదే. దీన్ని ఇంక ఎవరూ తీసకపోల్యారు" అని మాళప్ప పొట్టేలు ఎడమ చెవిని రెండుగా చీల్చాడు. రక్తం కారింది. పొట్టేలు అరవలేదు, అటూ ఇటూ కదలలేదు. ఎన్నాళ్ళ నుంచో అందుకోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడింది.

మరుసటి రోజు నుంచి మందకు అదే ముందు నడిచింది. గొర్రె జాతికి ముందు పోయేదాని వెనక పోవడమే తెలుసు. పొట్టేలు ముళ్ళలోకి పోతే మంద ముళ్ళలోకి పోయింది. సూడి గొర్రెలను కుమ్మితే ఈచుకుపోయి కడుపులోని పిల్లలు పోయాయి. తొలకరి పడి గట్ల మీద పచ్చిక మొలిచినా అది అక్కడ ఆగదు. ప్రతి సాయంత్రం మందను వంక దగ్గరికి తీసుకుపోయి, ఈరక్క కూర్చున్న రాతికి ఎదురుగా నిలబడుతుంది. మంద నీళ్ళు కూడా తాగకుండా దాని వెనక నిలబడుతుంది. మాళప్ప మంద వెనక నిలబడతాడు. చీకటి పడేదాకా అలాగే ఉండేవారు.

ఊరివాళ్ళు మొదట జాలిపడ్డారు. తర్వాత ఎగతాళి మొదలైంది. "మాళప్పా, ఈ పొద్దు నీ పొట్టేలు నిన్ను యాడికి తోలకపోతాంది?" అని బావి దగ్గర అడిగేవారు. కొన్నాళ్ళకు పేరే మారిపోయింది. పొట్టేలు మాళప్ప అంటే తప్ప పక్క ఊళ్ళలో ఎవరికీ తెలిసేది కాదు. మాళప్పకు ఆ పేరు తప్పుగా తోచలేదు. పొద్దున లేవగానే గుండెల్లో మంట, పడుకునేదాకా అదే మంట. ఆ మంటను తీసేస్తే లోపల తనంటూ ఇంకేమీ మిగలదేమో అని అతనికి భయం కూడా ఉండేది. ఆ భయం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తిమ్మక్క ఒకసారి అడిగింది. "బిడ్డ కోసం నేనూ ఏడుస్తాండా. ఏడ్సి, లేసి, సంగటి కెలుకుతాండా. నీతో ఒక్క మాట మాట్లాడదామని చూస్తే నువ్వు కనపడవు, ఆ కొమ్ములే కనపడతాయి. నువ్వు యాడుండావయ్యా?"

"ఇదే నేను" అన్నాడు మాళప్ప. "కోపమే నేను. ఇష్టముంటే ఉండు, ల్యాకుంటే పో."

శ్రావణంలో ఒకరోజు కెంచప్ప దొడ్డి దగ్గరికి వచ్చాడు. క్షమించమని అడగడానికి వచ్చాడు కానీ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, తడికె కట్లు వదులైతే బిగించసాగాడు. పొట్టేలు తల వంచింది. కాలితో నేలను గీరింది. కట్టె ఎత్తి ఒక్క కేక వేస్తే ఏ పొట్టేలైనా ఆగుతుంది. మాళప్ప చేతిలో కట్టె ఉంది.

"కట్టె ఎత్తరా! మాళా, కట్టె ఎత్తు!" అని గిరెమ్మ ఇంటి వాకిలి నుంచి అరిచింది.

మాళప్ప ఎత్తలేదు. పొట్టేలు కెంచప్ప కుడికాలిని దొడ్డి రాతికేసి కుమ్మింది. ఎముక విరిగిన చప్పుడు వాకిట్లోకి వినపడింది.

కాలికి వెదురు బద్దలు కట్టారు. కెంచప్ప తన మేనమామ ఊరికి పోయి అక్కడే ఉండిపోతానన్నాడు. అన్నను ఒక్క మాట అనలేదు. "నాకు జరగాల్సిందే జరిగింది" అన్నాడు. ఆ మాటకు గిరెమ్మ మూట కట్టుకుంది. "కాలు విరిగినోనికి సంగటి ఎవరు పెడతారు? నేనూ పోతా." అత్త వెంట తిమ్మక్క కూడా మూట కట్టుకుంది. బండి మాట్లాడారు. పొద్దు వాలగానే బయలుదేరాలని అనుకున్నారు. వెళితే మళ్ళీ రారని అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం మాళప్ప మందను ఈ బండ నీడకు తోలుకొచ్చాడు. ఎండకు గొర్రెలు పడుకున్నాయి. అతడు బండ ఎక్కి కూర్చున్నాడు. కూర్చున్నవాడికి కునుకు పట్టింది. కలలో ఒక ముసలమ్మ పక్కనే కూర్చుని నల్ల ఉన్ని వడుకుతోంది.

"ఏమప్పా, మంద ఎవరిది?"

"నాదే అవ్వా."

"అన్నీ నీవేనా? ఆ తెల్లమచ్చ గొర్రె?"

"మా అమ్మ పుట్టింటి నుంచి తోలకొచ్చిన గొర్రెకు మనవరాలు."

"ఆ కుంటిది?"

"పోయిన చలికాలం నా చేతుల్లోనే పుట్టింది."

"ఆ నల్ల పొట్టేలు యా గొర్రెకు పుట్టింది?"

"పుట్టల్యా. వచ్చింది" అన్నాడు.

"వచ్చింది నీదెట్లయింది?"

"గుర్తు ఏసినా."

"అదీ సంగతి" అని ముసలమ్మ కదురు తిప్పింది. "ఈ మందలో నువ్వు యాడుండావు నాయనా, నాకు చూపీ."

"నేను మందలో యాడుంటా అవ్వా? బండమీద ఉండా. ఈడ కూచుని చూస్తాండా."

"మరి ఊర్లో నిన్ను పొట్టేలంటాండారే! చూసేది నువ్వయితే ఆ కొమ్ములు నీవెట్లయినాయి?"

మాళప్ప మంద వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అతడు రోజూ ఎత్తు మీద నిలబడి మందను చూసుకున్నవాడే. ఏనాడూ తనను గొర్రెల్లో ఒకటిగా లెక్కపెట్టుకోలేదు. ఆ ఒక్క జీవం విషయంలోనే లెక్క తప్పాడు.

"అయితే తరిమేస్తా" అన్నాడు.

"తరుము. నీ గుర్తుండాది కదా, మంద దాని ఎనకాలే పోతాది."

"చంపేస్తా."

"తోలు నీ ఇంట్లోనే ఆరబెట్టుకుంటావు."

"మరెట్ల? తెగిన చెవి అతకదే."

"అతకదు. దాని మీద నుంచి గుర్తు పోదు. నీ మీద నుంచి పోవల్ల. ఆ గుర్తు నీ ఇంటిది కాదంటే ఆ పొట్టేలూ నీది కాదు."

ముత్తాతల నాటి గుర్తు. అది లేకుండా వలసలో తప్పిపోయిన జీవాన్ని ఏమని అడిగి తెచ్చుకోవాలి? మాళప్ప అదే అడిగాడు.

"అడగల్యావు" అంది ముసలమ్మ. "పోయినవి పోతాయి."

ముసలమ్మగా వచ్చిన అమ్మవారు అతని మందను తానే కాపాడతానని మాట ఇచ్చిందని ఈ మధ్య కొందరు కలిపి చెబుతున్నారు. అది తప్పు. అమ్మవారు అటువంటి మాట ఏదీ ఇవ్వలేదు.

ఎద్దుల మెడలో గంటలు వినపడి మాళప్పకు మెలకువ వచ్చింది. కింద దారిలో బండి వస్తోంది. బండిలో కెంచప్ప, గిరెమ్మ, తిమ్మక్క. సాగనంపడానికి నలుగురైదుగురు కాపరులు వెంట నడుస్తున్నారు. పొట్టేలు అప్పటికే లేచి దారికి అడ్డంగా నిలబడింది. దాని వెనక మంద అంతా నిలబడింది. ఎద్దులు బెదిరి వెనక్కి జరుగుతున్నాయి. పొట్టేలు తల వంచింది.

మాళప్ప కట్టె బండ మీదే వదిలేసి గొర్రెల దారిన జారుకుంటూ దిగాడు. బండికి వేలాడుతున్న ఎద్దుల దాణా సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు ఉలవలు తీసుకున్నాడు. పొట్టేలుకూ బండికీ నడుమ నేల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడి ముఖమూ పొట్టేలు ముఖమూ ఒకే ఎత్తులో ఉన్నాయి. దాని ఊపిరి వేడిగా అతని కళ్ళకు తగిలింది.

"అందరూ వినండి" అన్నాడు. "ఈ పొద్దు నుంచి మా ఇంటికి చెవి గుర్తు ల్యా. చీలిన చెవి నాదని యాడా అడగను."

"పిచ్చి పట్టిందా మాళప్పా? మంద అంతా పోగొట్టుకుంటావు!" అన్నాడు ఒక కాపరి.

మాళప్ప అతని వైపు చూడలేదు. మొలలోని కత్తి తీసి వంకలోకి విసిరేశాడు. పొట్టేలుతో అన్నాడు. "వచ్చినావు. మేత తిను. నువ్వు నా మందలో పుట్టల్యా. నేను మాళప్పను. గిరెమ్మ కొడుకును. తిమ్మక్క మొగుణ్ణి." పిల్ల పోయిన తర్వాత దాని పేరు అతని నోట ఒక్కసారీ రాలేదు. "ఈరక్క తండ్రిని" అన్నాడు.

పొట్టేలు చాలాసేపు అలాగే చూసింది. తర్వాత అరచేతిలోని ఉలవలు తిని, ఒక పక్కకు తిరిగి, వంక వైపు నడిచింది. మంద రెండడుగులు వేసి ఆగింది. మాళప్ప నాలుక మడిచి, పూర్వం సాయంత్రాల్లో పిలిచే పిలుపు పిలిచాడు. తెల్లమచ్చ గొర్రె ముందుగా వెనక్కి తిరిగింది. పొట్టేలు ఒక్కటే పోయి వంక గట్టున నిలబడింది. అప్పుడు మాళప్ప నేల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఏడ్చాడు. తిమ్మక్క బండి దిగివచ్చి పక్కన కూర్చుంది.

కెంచప్ప మాత్రం బండి దిగలేదు. "నన్ను పోనీ అన్నా. ఆ పాపమే నేను. రాతిమీద కూచోబెట్టింది ఈ చేతులే."

"కూచోబెట్టింది నువ్వే. ల్యాదని నేననను" అన్నాడు మాళప్ప. "వంక నువ్వు కాదు కదరా. ఆ బాధ నీకాడికి వచ్చింది. రేపూ వస్తాది. మేత ఎయ్యి. చెవి మాత్రం పట్టొద్దు."

"నన్ను క్షమించినావా?"

"ఇంకా ల్యా. కోపం యాడికీ పోల్యా, అదిగో గట్టు మీద నిలబడింది చూడు. నేను ఈడ ఉండా. బండి దిగు."

గిరెమ్మ చిన్నకొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. "దిగరా! ఎద్దులకు ఆకలైతాంది. వాటి ఉలవలు వీడు పొట్టేలుకు పెట్టినాడు!" అంది. బండిని ఇంటివైపు తిప్పారు.

పొట్టేలు మరునాడు మళ్ళీ వచ్చింది. మేత తిని పోయింది. కొన్నిసార్లు వరుసగా వచ్చేది, కొన్నిసార్లు నెల తిరిగినా వచ్చేది కాదు. వచ్చినప్పుడల్లా మాళప్ప బండ ఎక్కి కూర్చుని దాన్ని చూసేవాడు, దాని వెనక నడవలేదు. అది పూర్తిగా రావడం ఎప్పుడు మానేసిందో ఎవరూ గమనించలేదు. కెంచప్ప ఎముక వంకరగా అతుక్కుంది. అతడు మళ్ళీ మంద వెంట నడవలేకపోయాడు, ఇంటి దగ్గర కూర్చుని కంబళ్ళు నేశాడు. కలలో ముసలమ్మ కూర్చున్న చోట అన్నదమ్ములిద్దరూ అమ్మవారిని నిలిపారు.

ఇప్పుడు కూడా ప్రతి సోమవారం ఇక్కడ మొక్కు జరుగుతుంది. గుడి ముందు ఎవరికీ చెందని ఒక నల్ల పొట్టేలు ఉంటుంది. దాని చెవులకు కత్తి తగలనివ్వరు. భక్తులు గుప్పెడు ఉలవలతో బండ ఎక్కాలి. మాళప్ప వంశంవాడైన పూజారి, "ఏమొచ్చింది?" అని అడుగుతాడు. కోపమో, దుఃఖమో, భయమో, అసూయో, వచ్చినదాని పేరు దాచకుండా చెప్పాలి. "ఎవరిది?" అని అడుగుతాడు. "వచ్చింది, నాది కాదు" అనాలి. "నువ్వెవరు?" అన్నప్పుడు తన పేరూ తల్లి పేరూ చెప్పి, పొట్టేలుకు ఉలవలు పెట్టాలి. తర్వాత బండ అంచున కూర్చుని కింద మేసే మందలను మనసు నిదానించేదాకా చూడాలి. తొందరపడి దిగేవారిని పూజారి మళ్ళీ కూర్చోబెడతాడు. కోపం పోవాలని, దుఃఖం పోవాలని ఇక్కడ మొక్కరు. అలా మొక్కితే పూజారి ఉలవలు తిరిగి ఇచ్చేస్తాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులకు అన్నం సహించడం, మాటలు లేని అన్నదమ్ములు ఒకచోట కూర్చోవడం ఇక్కడ ఏటేటా చూస్తున్నదే.

మాళప్ప వంశంవారి గొర్రెలకు నేటికీ చెవి గుర్తు లేదు. ఏటా వలసలో వాళ్ళ జీవాలు కొన్ని ఇతరుల మందల్లో కలిసిపోతాయి. కళ్ళెదుటే కనపడినా అవి తమవని అడగడానికి వీల్లేదు. పోయిన ఏడు కూడా కొన్ని పోయాయి. వాళ్ళు అడగలేదు.